బిగ్‌హార్న్ కొండలు దాటడానికి 35 అడుగుల మోటర్‌హోమ్‌కి ఏ దారి? – ఒక కేస్ స్టడీ

మౌంట్ రష్‌మోర్ చూసుకుని ఎల్లోస్టోన్‌కి వెళ్ళేవాళ్ళకి మధ్యలో అడ్డం వచ్చేవి బిగ్‌హార్న్ కొండలు. ఉత్తర వయోమింగ్‌లో గోడ కట్టినట్టు ఉంటాయి. తూర్పు పాదం దగ్గర బఫెలో, షెరిడన్ ఊళ్ళు. పడమటి పాదం దగ్గర టెన్ స్లీప్, షెల్, లవెల్. వాటి మధ్య మూడు ఘాట్ రోడ్లున్నాయి: యూఎస్-16, యూఎస్-14, యూఎస్-14ఏ. కారులో వెళ్ళేవాళ్ళు ఏది పట్టుకున్నా ఫరవాలేదు. పది టన్నుల బండితో వెళ్ళేటప్పుడు మాత్రం మూడూ ఒకటి కావు.

ఈ కేసులో బండి 35 అడుగుల క్లాస్-ఎ మోటర్‌హోమ్, అంటే బస్సు ఆకారంలో ఉండే చక్రాల ఇల్లు. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్, 6.8 లీటర్ల వి-10 పెట్రోలు ఇంజిన్ (362 హెచ్‌పీ), 5 గేర్ల ఆటోమేటిక్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. వెనక నాలుగు చక్రాలూ నేల మీదే ఉండేలా టో బార్‌తో కట్టిన చిన్న ఎస్‌యూవీ. రెండు తెలుగు కుటుంబాలు, నడపగలిగేవాళ్ళు ఇద్దరు. వాళ్ళకి దారి సలహా చెప్పింది మేం. జూన్ రెండో వారంలో ర్యాపిడ్ సిటీ నుంచి కోడీ, అక్కణ్ణుంచి ఎల్లోస్టోన్ తూర్పు గేటు.

వాళ్ళు ముందు వేసుకున్న ప్లాను: మొదటి రాత్రి షెరిడన్‌లో బస, మర్నాడు యూఎస్-14 ఎక్కి బర్జెస్ జంక్షన్ దగ్గర 14ఏ లోకి తిరిగి, మెడిసిన్ వీల్ (ఆదివాసుల పురాతన రాతి చక్రం) చూసి, లవెల్ మీదుగా కోడీ. ఫోనులో మ్యాప్ చూపించిన దారి ఇంచుమించు ఇదే. మ్యాప్‌ది తప్పు కాదు, అది కారు కోసం లెక్క వేసింది. బండి బరువెంతో, ముందున్న వాలు ఎంతో దానికి తెలియదు.

ముందు తూకం

దారి గురించి మాట్లాడే ముందు బండిని కాటా మీద పెట్టాలి. ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు, వెనక కట్టిన కారు మూడూ విడివిడిగా తూగుతాయి. ప్రయాణానికి సర్దుకున్నాకే తూచాలి. ఖాళీ బండి తూకం ఎందుకూ పనికిరాదు.

మొదటి తూకంలో మోటర్‌హోమ్ 21,900 పౌండ్లు, కారు 4,100 పౌండ్లు వచ్చాయి. రెండూ కలిపి 26,000. ఈ ఛాసిస్‌కి బండి ఒక్కదాని పరిమితి 22,000, బండీ వెనక కట్టినదీ కలిపి మోయదగ్గ పరిమితి 26,000. అంటే కాగితం మీద సరిగ్గా గీత మీద నిలబడ్డారు. కొండ దగ్గర గీత మీద నిలబడకూడదు.

తేలిగ్గా దించగలిగిన బరువు నీళ్ళు. ఒక గ్యాలన్ మంచినీళ్ళు 8.34 పౌండ్లు. నిండా ఉన్న 75 గ్యాలన్ల ట్యాంకుని 20 గ్యాలన్లకి దించితే 460 పౌండ్లు తగ్గాయి. వాడిన నీళ్ళ ట్యాంకులు రెండూ డంప్ స్టేషన్‌లో ఖాళీ చేస్తే ఇంకో 240. మోటర్‌హోమ్ 21,200కి వచ్చింది. కోడీలో నీళ్ళు దొరుకుతాయి, వాటిని కొండ మీదికి మోసుకెళ్ళడం దండగ.

మూడు కొండ దారులు, ఒక చుట్టుదారి

14ఏ తోనే మొదలుపెడదాం, ఎందుకంటే అదే తీసేయాల్సింది. బర్జెస్ జంక్షన్ నుంచి పడమటికి పైన పీఠభూమి మీద హాయిగా సాగి, మెడిసిన్ వీల్ దాటాక రోడ్డు ఒక్కసారిగా లోయలోకి జారుతుంది. వాలు 10 శాతం దాకా ఉంటుంది, అంటే వంద అడుగులకి పది అడుగుల దిగుడు. మధ్యలో రన్‌అవే ర్యాంపులు (బ్రేకులు పోయిన బళ్ళు ఎక్కి ఆగే పక్కదారులు) కట్టారంటేనే అక్కడ ఎలాంటి బళ్ళు పట్టు తప్పుతాయో అర్థం చేసుకోవాలి. చలికాలంలో దీన్ని మూసేస్తారు, వసంతం చివరికి గానీ తెరవరు. మెడిసిన్ వీల్ చూడాలనుకుంటే మోటర్‌హోమ్‌ని కింద క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టి కారులో వెళ్ళి రావాలి. వెనక కారు లాక్కొచ్చేది ఇలాంటి పనులకే కదా.

యూఎస్-14 గ్రానైట్ పాస్ (9,033 అడుగులు) మీదుగా షెల్ కాన్యన్ అనే లోతైన ఇరుకు లోయలోకి దిగుతుంది. 14ఏ అంత నిలువుగా ఉండదు గానీ, తూర్పున డేటన్ వైపు ఎక్కేటప్పుడు మెలికల మలుపులు, పడమట ఇరుకు కాన్యన్ మలుపులు. పొడవాటి బండి వెనక చక్రాలు మలుపులో లోపలికి కోసుకుంటూ వస్తాయి కాబట్టి డ్రైవర్ కళ్ళు అద్దాలకే అతుక్కుపోతాయి. 30 అడుగుల లోపు బండి, వెనక ఏమీ లేకపోతే ఇది వెళ్ళదగ్గ దారే. ఈ కేసుకి రెండో ఎంపిక కూడా కాదు.

యూఎస్-16 బఫెలో నుంచి పౌడర్ రివర్ పాస్ (9,666 అడుగులు) మీదుగా టెన్ స్లీప్‌కి వెళ్తుంది. మూడింటిలోకీ ఎత్తైన కనుమ దీనిదే. కనుమ ఎత్తు చూసి చాలామంది దీన్ని పక్కన పెట్టేస్తారు, అది పొరపాటు. కనుమ ఎంత ఎత్తు అన్నది ఇంజిన్‌కి సంబంధించిన ప్రశ్న. అక్కణ్ణుంచి ఎంత నిలువుగా దిగాలి అన్నది బ్రేకులకి సంబంధించినది. ఇంజిన్ నీరసపడితే బండి నెమ్మదిస్తుంది, అంతే. బ్రేకులు నీరసపడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బఫెలో నుంచి టెన్ స్లీప్ దాకా సుమారు 64 మైళ్ళలో ఎక్కుడూ దిగుడూ పరుచుకుని ఉంటాయి. మలుపులు విశాలం, ఎక్కే వైపు అక్కడక్కడా అదనపు లేను. నిలువు దిగుడు ముఖ్యంగా టెన్ స్లీప్ కాన్యన్‌లోనే.

నాలుగోది కొండ ఎక్కని దారి. ఐ-90 మీదే ఉత్తరంగా మోంటానాలోకి వెళ్ళి, లారెల్ దగ్గర దిగి, యూఎస్-212 మీద రాక్‌వేల్, అక్కణ్ణుంచి యూఎస్-310 మీద బ్రిడ్జర్, తర్వాత మోంటానా-72 మీద బెల్‌ఫ్రై, వయోమింగ్-120 మీద కోడీ. ఇందులో ఒక ఉచ్చు ఉంది. రాక్‌వేల్ దగ్గర 310కి మారకుండా 212 మీదే పోతే రెడ్ లాడ్జ్ దాటి బేర్‌టూత్ పాస్‌కి తీసుకెళ్తుంది. అది 10,947 అడుగులు. కొండ తప్పించుకుందామని బయల్దేరి అంతకన్నా పెద్ద కొండ ఎక్కినట్టవుతుంది. ఈ ఊళ్ళ పేర్లు వరసగా కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాలి.

బఫెలో నుంచి కోడీకి 16 మీదుగా సుమారు 180 మైళ్ళు, చుట్టుదారిలో సుమారు 270. తొంభై మైళ్ళ తేడా అనగానే గుండె జారుతుంది గానీ గంటల్లో చూడండి. కొండ మీద 35 సగటు, మిగతాచోట 55 సగటు వేసుకుంటే 16 మీద 4 గంటలు. చుట్టుదారిలో 58 సగటుకి 4 గంటల 40 నిమిషాలు. కనుమ మీద, కాన్యన్‌లో బ్రేకులు చల్లబరచడానికి ఆగే సమయం కలిపితే రెండూ దగ్గర దగ్గరే. నడపగలిగేది ఒక్కరే అయితే, కారు విప్పడం కుదరకపోతే, రెండో ఆలోచన లేకుండా చుట్టుదారే చెప్పేవాళ్ళం.

ఎక్కుడు లెక్క

టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ ఇంచుమించు 3 శాతం బలం కోల్పోతుంది. పౌడర్ రివర్ పాస్ దగ్గర 362 హెచ్‌పీ కాస్తా 250 పైచిలుకుకి వస్తుంది. గేర్‌బాక్స్, ఇరుసుల్లో పోయేది పోగా చక్రాలకి చేరేది 215. కారుతో కలిపి 25,300 పౌండ్లని 6 శాతం వాలు మీద లాగితే ఆ ఎత్తులో వేగం 40 మైళ్ళ దగ్గర ఆగిపోతుంది. కారు విప్పేస్తే 45. అదే కారుతో 10 శాతం వాలు అయితే 28.

కాబట్టి ఎక్కేటప్పుడు 35–40కి మించి ఆశపడకూడదు. టో-హాల్ బటన్ (బరువు లాగేటప్పుడు గేర్‌బాక్స్‌ని కింది గేరుల్లో ఎక్కువసేపు ఉంచేది) నొక్కి, వాలు మొదలవక ముందే గేరు దించుకోవాలి. 3,500 నుంచి 4,000 ఆర్పీఎం దగ్గర ఇంజిన్ అరుస్తుంది, ఫ్యాన్ హోరుమంటుంది. అది మామూలే. ఆ చప్పుడుకి భయపడి పై గేరులోకి వెళ్ళనిచ్చి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే నష్టం: నీళ్ళ పంపు, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతాయి, లోపల వేడి మాత్రం ఎక్కువ పుడుతుంది, గేర్‌బాక్స్ నూనె మాడుతుంది. డ్యాష్ ఏసీ ఆపేయాలి. జనరేటర్ వేసుకుని కప్పు మీది ఏసీ నడపచ్చు. కార్బ్యురేటర్ రకం ఓనాన్ జనరేటర్లకి ఎత్తుని బట్టి తిప్పే ఒక నాబ్ ఉంటుంది, తిప్పకపోతే పొగ కక్కి ఆగిపోతుంది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఇంకా ఎక్కుతుంటే వెడల్పైన చోట పక్కకి తీసి, న్యూట్రల్‌లో 1,200–1,500 ఆర్పీఎం మీద ఇంజిన్ తిరగనివ్వాలి. ఇంజిన్ ఆపేస్తే పంపు కూడా ఆగి వేడి అక్కడే చిక్కుతుంది.

దిగుడు లెక్క, అసలు విషయం

కనుమ 9,666 అడుగులు, టెన్ స్లీప్ ఊరు సుమారు 4,430. దిగాల్సింది 5,200 అడుగుల పైన. 25,300 పౌండ్లు అంత ఎత్తు నుంచి కిందికి వస్తే విడుదలయ్యే శక్తి 180 మెగాజూళ్ళు. గది వేడిమిలో ఉన్న 530 లీటర్ల నీళ్ళని మరుగు పట్టించేంత వేడి అది. అందులో కొంత గాలి, కొంత టైర్ల ఒరిపిడి తీసుకుంటాయి. మిగతాది ఇంజిన్, బ్రేకులు పంచుకోవాలి. దారి ఎంపిక, గేరు ఎంపిక, కారు విప్పడం అన్నీ ఈ పంపకం గురించే.

30 మైళ్ళ వేగంతో దిగుతూ ఆ వేగం పెరగకుండా పట్టి ఉంచడానికి ఎంత కావాలో చూద్దాం. 6 శాతం వాలు మీద కారు లేకుండా 75 హెచ్‌పీ, కారుతో 91. అదే కారుతో 14ఏ లోని 10 శాతం మీద 172. రెండో గేరులో 3,200–3,700 ఆర్పీఎం మీద ఈ ఇంజిన్ 75లో సగానికి పైనే తానే పట్టుకోగలదు, మిగిలినది బ్రేకులు మధ్యమధ్య తీసుకుంటే చాలు. 172 అయితే ఇంజిన్ వాటా పోను మిగిలేది బ్రేకులు ఏకబిగిన మోయగలిగింది కాదు. 14ఏ వద్దనడానికి ఇదే కారణం.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఎత్తులో గాలి పలచబడితే పెట్రోలు ఇంజిన్‌కి లాగే బలమే కాదు, పట్టి ఉంచే బలమూ తగ్గుతుంది. థ్రాటిల్ మూసినప్పుడు సిలిండర్లు గాలి కోసం పెనుగులాడటమే ఇంజిన్ బ్రేకింగ్‌లో పెద్ద భాగం. బయట గాలి ఒత్తిడే తక్కువైతే ఆ పెనుగులాట కూడా తక్కువే. ఎక్కిన గేరులోనే దిగాలి అని మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడ కనీసం లెక్క మాత్రమే. అవసరమైతే దానికన్నా ఒక గేరు కిందికి వెళ్ళాలి. తిరుమలలో ఎక్కడానికి ఒక ఘాట్, దిగడానికి ఇంకొకటి ఉన్నాయి. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, ఎదురుగా అంతే పెద్ద బండి వస్తుంటుంది.

బ్రేకు నూనె గురించి కూడా. డాట్-3 నూనె కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. చెమ్మ పీల్చుకున్నాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. మోటర్‌హోమ్‌లు ఏడాదిలో ఎక్కువ కాలం కదలకుండా ఉంటాయి, నూనె మాత్రం చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. నూనె మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. ఈ బండికి నూనె ఎప్పుడు మార్చారో రికార్డు లేదు. అందుకే బయల్దేరే ముందే మొత్తం మార్పించాం. రెండేళ్ళకోసారి మార్చడం కొండలెక్కే బండికి తప్పనిసరి.

కారు విప్పాలా?

విప్పాలి. ఇద్దరు డ్రైవర్లు ఉన్నప్పుడు ఇందులో తర్జనభర్జన అనవసరం. కట్టిన కారు మొత్తం బరువులో 16 శాతం. దానికి అదనపు బ్రేకు పరికరం ఉన్నా, సున్నితం ఎక్కువ పెడితే ప్రతి చిన్న తాకిడికీ పట్టేసి కారు బ్రేకులు మాడతాయి. తక్కువ పెడితే ఉన్నా లేనట్టే. నాలుగు చక్రాల మీద లాగే కారుతో బండిని వెనక్కి నడపడం కుదరదు. ముందు చక్రాలు అడ్డం తిరిగి టో బార్ వంగిపోతుంది. కొండ మీద ఆగే చోటు నిండి ఉంటే, చెట్టు పడి దారి మూసుకుంటే, వెనక్కి తిప్పుకోలేని పరిస్థితి.

విప్పే చోటు బఫెలో, మళ్ళీ కట్టే చోటు టెన్ స్లీప్. రెండుచోట్లా సమతలమైన, నేరుగా బయటికి పోగలిగిన స్థలం చూసుకోవాలి. వాలు మీద విప్పబోతే పిన్నుల మీద బరువు పడి బిగుసుకుంటాయి, సుత్తితో కొట్టాల్సి వస్తుంది. కారు వెనకాలే రావాలి, ముందు కాదు. వెనక ఉన్నవాళ్ళకే బ్రేకు లైట్లు ఎంతసేపు వెలుగుతున్నాయో, చక్రం దగ్గర పొగ వస్తోందో కనిపిస్తుంది. కొండల్లో ఫోను సిగ్నల్ ఉంటుందనుకోకూడదు, చేతి రేడియోలు రెండు పెట్టుకోవాలి.

బసే దారిని నిర్ణయించింది

ఈ కేసులో అసలు మార్పు ఘాట్ రోడ్డు మీద జరగలేదు, క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్‌లో జరిగింది. రాత్రి షెరిడన్‌లో పడుకుంటే పొద్దున్నే 14 దగ్గరగా కనిపిస్తుంది. 16 కోసం 33 మైళ్ళు వెనక్కి రావాలి, ఎవరికీ మనసొప్పదు. అందుకే షెరిడన్ బుకింగ్ మార్చి బఫెలోలో బస పెట్టించాం. ర్యాపిడ్ సిటీ నుంచి ఐ-90 మీద సుమారు 205 మైళ్ళు, ఎగ్జిట్ 58. బఫెలోలో ఉంటే 16 ఎదురుగానే ఉంటుంది, ఐ-90 కూడా పక్కనే. పొద్దున వాతావరణం చూసి రెండిట్లో ఏదైనా పట్టుకోవచ్చు. జూన్‌లోనూ ఆ కనుమ మీద మంచు పడచ్చు. వయోమింగ్ రోడ్ల సమాచారానికి 511 ఉంది. తడి మంచు, గట్టి గాలి, పొగమంచు ఈ మూడిట్లో ఏదున్నా చుట్టుదారే అని ముందు రోజు రాత్రే ఒప్పందం. పొద్దున లేచాక వాదించుకోకూడదు.

బఫెలోలో పెట్రోలు నింపాలి. టెన్ స్లీప్ దాకా మరో పంపు మీద ఆశ పెట్టుకోకూడదు. టైర్ల గాలి పొద్దున్నే, చక్రం కదలక ముందే, ఇరుసు బరువుకి టైరు కంపెనీ పట్టిక చెప్పినంత పెట్టాలి. ఐదువేల అడుగులు ఎక్కేసరికి గేజ్ రెండు పీఎస్ఐ పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది, తిరిగిన వేడికి ఇంకా పెరుగుతుంది. ఎక్కువైందని పైన గాలి తీసేస్తే కింద టైరు మెత్తబడి వేడెక్కుతుంది.

ఆ రోజు

511లో రోడ్డు పొడిగా ఉంది. ఉరుముల వానలు మధ్యాహ్నం పూట వస్తాయి కాబట్టి ఏడింటికే బయల్దేరారు. ఎక్కుడులో రెండుసార్లు వెనక బళ్ళకి దారివ్వడానికి పక్కకి తీశారు. కనుమ మీద ఇరవై నిమిషాలు ఆగి, చక్రాలు చూసుకుని, టో-హాల్ వేసి దిగుడు మొదలుపెట్టారు.

కాన్యన్ ముందు వేగం 30కి, గేరు రెండుకి దించుకోవాలి. వాలు మొదలయ్యాక గేరు దించబోతే ఆర్పీఎం ఎక్కువై గేర్‌బాక్స్ ఒప్పుకోదు. బ్రేకు వాడే పద్ధతి: వేగం 35కి చేరగానే గట్టిగా తొక్కి మూడు నాలుగు సెకన్లలో 30కి తేవాలి, పూర్తిగా వదిలేయాలి, మళ్ళీ 35 వచ్చేదాకా ముట్టుకోకూడదు. పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచడం ఎప్పటికీ వద్దు, బ్రేకుకి చల్లారే సందే ఉండదు. ఈ దారుల్లో రాతిపొరల పేర్లు, వయసు రాసిన బోర్డులు కనిపిస్తాయి. ఎంతో బాగుంటాయి, చదివే పని పక్క సీటు వాళ్ళది.

కాన్యన్ మధ్యలో ఆగినప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు మూలలా చూస్తే ముందు కుడి చక్రం ఎడమ దానికన్నా బాగా వేడిగా ఉంది. ఇక్కడ అంకె ఎంతన్నది కాదు, ఒకే ఇరుసు మీద ఎడమకీ కుడికీ తేడా ఎంతన్నదే ముఖ్యం. రెండూ సమానంగా వేడెక్కితే బ్రేకు వాడకం ఎక్కువైనట్టు. ఒకటే వేడెక్కితే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి అదిమే భాగం) వదలట్లేదని అర్థం. నలభై నిమిషాలు చల్లారనిచ్చారు. నీళ్ళు కొట్టలేదు, కొడితే డిస్క్ వంకరపోతుంది. చక్రాలకి అడ్డం చెక్కలు పెట్టి పెడల్ మీద కాలు తీసేశారు, మాడుతున్న ప్యాడ్ డిస్క్‌కి అదిమి ఉంచకూడదు. తర్వాత 25 మీద మెల్లగా టెన్ స్లీప్‌కి దిగారు. కారు కట్టలేదు, కోడీ దాకా విడిగానే నడిపారు. అక్కడ విప్పి చూస్తే క్యాలిపర్ జారే పిన్నులు ఎండి బిగుసుకుని ఉన్నాయి. శుభ్రం చేసి గ్రీజు పెట్టాక మరుసటి రోజు రెండు చక్రాలూ సమానంగా వచ్చాయి. బ్రేకు నూనె మార్పించినప్పుడే ఈ పిన్నులు చూపించి ఉండాల్సింది. అది మా జాబితాలో లేదు, ఇప్పుడు చేర్చాం.

బండి మారితే

డీజిల్ పుషర్ (వెనక డీజిల్ ఇంజిన్ ఉన్న మోటర్‌హోమ్) అయితే టర్బో వల్ల ఎత్తులో బలం అంతగా పోదు, ఎగ్జాస్ట్ బ్రేకో ఇంజిన్ బ్రేకో దిగుడులో చాలా భారం తీసుకుంటుంది. 16 మీద కారు కట్టుకునే వెళ్ళచ్చు. 14ఏ మాత్రం వాళ్ళకీ చెప్పం, ఆ బరువు ఇంకా ఎక్కువ. అద్దెకి తీసుకున్న 30 అడుగుల క్లాస్-సి (వ్యాన్ ముందు భాగం వెనక ఇల్లు కట్టిన రకం) కూడా 16 మీదే వెళ్ళాలి. బ్రేకుల చరిత్ర మనకి తెలియదు గనక వాటి నుంచి తక్కువే ఆశించాలి.

ఎల్లోస్టోన్ నుంచి తూర్పుకి తిరిగొచ్చేవాళ్ళకి టెన్ స్లీప్ కాన్యన్ ఎక్కుడవుతుంది, బఫెలో వైపు దిగుడు మధ్యమధ్య ఎక్కుళ్ళతో విరుగుతూ వస్తుంది, బ్రేకులకి ఊపిరి దొరుకుతుంది. 14ఏ తూర్పుకి ఎక్కుడే కదా అని కొందరు అంటారు. 28 మైళ్ళ వేగంతో గేర్‌బాక్స్‌ని మాడ్చుకుంటూ ఎక్కాక డేటన్ దిగుడు ఎలాగూ ఉంటుంది.

కోడీ తర్వాత సిల్వన్ పాస్ ఉంది, 8,524 అడుగులు. కోడీ ఎత్తే ఐదువేల అడుగులు కాబట్టి తేడా తక్కువ, దారి విశాలం. అయినా పార్కు లోపల ఆగే చోట్లు జూన్‌లో నిండి ఉంటాయి, వెనక్కి తిప్పుకోవడం అక్కడా అవసరమే. కారుని అక్కడా విడిగానే నడపమన్నాం.